అప్పలసూరి వంతు గుడ్డు

రిజిస్టరులో పద్నాలుగో పేరు బోర అప్పలసూరి.
కార్తీకం వెళ్ళగానే అమ్మా అయ్యా వాణ్ణెత్తుకుని
మద్రాసు కట్టుబడి పనికి రైలెక్కేసేరు.
పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది,
నేనే కొట్టెయ్యలేదు.

ఆ నెల్లోనే, బూర్జ దాటేక,
నాగావళి గట్టు కింద ఇటుకబట్టీ రాజుకుంది.
బొలంగీరు నుంచి లారీలో దిగిన పదకొండు కుటుంబాలు.
ఒంటినిండా మట్టి, చేతిలో కాగితం ముక్క లేదు.
ఉన్న ఒకటో రెండో కార్డులు
అడ్వాన్సు కింద మేస్త్రీ పెట్టెలో ఉన్నాయి.

ఝిలీ మా గుమ్మంలో నిలబడింది.
లోపలికి రాదు, పోదు.
గిన్నెలో గుడ్లు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడుకి
భాష అక్కర్లేదు కదా.

సచివాలయంలో తల్లి సుబాసిని వేలు పెట్టింది. ఎర్రలైటు.
కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. ఎర్రలైటు.
"రోజుకి వెయ్యి ఇటుకలు తీసిన సెయ్యి,
గీతలేటుంటాయి తల్లీ" అన్నాడు వెనక వరసలో ముసలాయన.

ఆ మధ్యాహ్నం పద్నాలుగో గుడ్డు ఒలిచి
ఝిలీ చేతిలో పెట్టేను.
అప్పలసూరి పేరు పక్కన టిక్కు పెట్టేను.
"దొంగలెక్క" అంది ఆయా ఎర్రమ్మ,
అంటూనే గ్లాసులో పాలు పోసింది.

మాఘంలో సూపర్వైజరు వచ్చింది.
"బోర అప్పలసూరి?"
నా గుండె జారింది.
మూల నుంచి రిబ్బను లేని జడ ఒకటి లేచి
"ఆఁ, టీచర్!" అంది.
ఆవిడ పిల్ల కేసి చూసింది, నా కేసి చూసింది,
చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంది.
"మొక్కుజుట్టు కాబోలు" అని తనే అనేసి
సంతకం పెట్టింది.

తొలకరికి బట్టీ ఆరిపోయింది.
లారీ ఏ రాత్రి వెళ్ళిందో తెలీదు.
బరువు పుస్తకంలో తొమ్మిదిన్నర నుంచి
పన్నెండు కిలోలకొచ్చేడు అప్పలసూరి.

ఆషాఢంలో అసలువాడొచ్చేడు,
మోకాళ్ళ మీద సిమెంటు మచ్చలతో.
హాజరు పిలిచేను. పలకలేదు.
మూడోసారికి పక్కపిల్ల మోచేత్తో పొడిస్తే
తలెత్తి నవ్వేడు:
"అక్కడ నన్ను సెల్వం అని పిలిసీవోరు.
గుడ్డిచ్చీవోరు."

ఎవరా సెల్వం, ఏ ఊరు పోయేడో,
వాడి పేరు కొట్టెయ్యని ఆ మనిషెవరో.

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి.
ఎర్రమ్మ లెక్కెట్టి పద్నాలుగు వేసింది.
కాసేపాగి, గుమ్మం కేసి చూసి,
కొంగుముడి విప్పి పదిహేనోది వేసింది.
వాళ్ళింటి పెట్టది,
కాస్త చిన్నది.