బెత్తెడు

నవంబరులో కొవెంట్రీకి
నాలుగింటికే చీకటి పడుతుంది.
మందుల షాపు వ్యాను నాది.
వెనకాల ట్రేల నిండా కాగితం సంచులు,
బీపీకి, షుగరుకి, పట్టని నిద్రకి,
ఒక్కో సంచి మీద ఒక్కో ఇంటి నంబరు.

ఫోల్స్‌హిల్ రోడ్డులో ఆ జీబ్రా క్రాసింగు దగ్గర
రెండు పసుపు గోళాలు వెలిగి ఆరుతుంటాయి.
వారం నుంచీ ఒకటే పనిచేస్తోంది,
ఒంటికన్నుతో కాపలా కాస్తున్నట్టు.

వాన పడ్డమూ లేదు, మానడమూ లేదు.
వైపరు తుడిచిన కొద్దీ అద్దం మసకేస్తోంది.
ముందు కారు వెళ్ళిపోయింది.
నేనూ వెళ్ళొచ్చనుకున్నాను.
నిజానికి నేను అనుకోలేదు,
కాలు అనుకుంది.

ఒళ్ళో ఫోను మోగింది.
చూడలేదు.
చూడలేదనే చాన్నాళ్ళు చెప్పుకున్నాను.
చూశాను.
"ఎందాకా వచ్చావు సుభాషిణీ" అని షాపు నుంచి.
అది జారి కాళ్ళ దగ్గర పడింది.
దానికోసం,
వట్టి దానికోసం,
బ్రేకు తొక్కాను.

తలెత్తితే
బానెట్టుకి బెత్తెడు దూరంలో
ఒక ముసలాయన.
గోధుమరంగు టోపీ,
చిటికెన వేలికి వేలాడుతున్న పాల క్యాను.
నావైపు తిరిగి
చెయ్యెత్తాడు,
ఈ ఊళ్ళో అందరూ ఎత్తినట్టే,
ఆగినందుకు.

తిట్టి ఉంటే బావుండేది.
బానెట్టు మీద అరచేత్తో ఒక్కటి చరిచి ఉంటే
ఇంటికెళ్ళి కడుపునిండా అన్నం తినేదాన్ని.
హెడ్‌లైట్ల వెలుగులో ఆయనకి
నా మొహం కనబడే వీల్లేదు.
ఎవరిని మెచ్చుకున్నాడు?
పాలు ఊగుతుండగా నిదానంగా,
ఒక్కో తెల్లపట్టీ మీద ఒక్కో అడుగు వేసుకుంటూ
అవతలి పేవ్‌మెంటు ఎక్కేశాడు.

ఆ రాత్రి ఇంకా పద్నాలుగు తలుపులు కొట్టాను.
ప్రతి తలుపు వెనకా ఆ టోపీ కోసమే చూశాను.
ఉంటే ఏం చెబుదామనో.
నలభై ఒకటో నంబరులో దగ్గు వినబడి
గుండె ఝల్లుమంది.
ఎవరో పెద్దావిడ.
సంచి అందుకుని
"రోడ్లు జారుడుగా ఉన్నాయి లవ్, జాగ్రత్త" అంది.
అలాగే అన్నాను.

రూలు తెలియక కాదు.
థియరీ పరీక్షలో ఆ ప్రశ్నకి
సరిగ్గానే టిక్కు పెట్టాను.
ఆగాల్సింది ఎవరు?
నేనే.
యాభైకి నలభై ఎనిమిది మార్కులు.

ఫోను ఇప్పుడు వెనకాల సంచుల మధ్య ఉంటుంది.
మోగుతుంది.
మోగనీ.

మొన్న సెలవు రోజు
నడిచి వెళ్ళాను అక్కడికి.
రెండో గోళం బాగుచేశారు.
మొదటి పట్టీ మీద కాలు పెట్టి నిలబడ్డాను.
వెండిరంగు కారొకటి వస్తోంది.
అద్దం నిండా ఆకాశమే,
లోపల మనిషి ఉన్న ఆనవాలు లేదు.
ముందు చక్రాలు చూశాను.
నెమ్మదించాయి. ఆగాయి.

చెయ్యి దానంతటదే లేచింది.
లోపల ఎవరో వంగి
ఏదో వెతుక్కుంటున్నారేమో.
మొహం కనబడేదాకా
దించదలచుకోలేదు.

వెనక కారువాడు
హారను కొడుతున్నాడు.