గడియ

ఏటుకూరు రోడ్డులో గోడౌన్ అంటుకున్న మధ్యాహ్నం
తాళంచెవి నా జేబులో ఉంది.
నేను సెంటర్లో టీ తాగుతున్నాను.
సగం గ్లాసు మిగిలింది. ఆ సగం ఇప్పటికీ గుర్తే,
మీద తేలిన మీగడ ముక్కతో సహా.

లోపల ముచ్చికలు తీసే ఆడవాళ్లు పధ్నాలుగు మంది.
కాయలు కొంగుల్లో పోతున్నాయని
బయటినుంచి గడియ పెట్టమన్నాడు షావుకారు.
పెట్టమన్నాడు. పెట్టాను.
ఈ రెండు మాటల మధ్య
నేనెక్కడైనా ఉన్నానా అని వెతుక్కుంటాను.

టిక్కీలు తగలబడితే వచ్చేదాన్ని పొగ అనడం తక్కువ.
బస్సులోంచి దిగిన జనం కళ్లు మూసుకుని పరిగెత్తారు.
నేను ఎదురు పరిగెత్తాను. చెయ్యి వణికింది,
తాళం కన్నం దొరకలేదు.
పదకొండు మంది దగ్గుకుంటూ బయటపడ్డారు.
సువార్తమ్మ, జైనాబీ, నాంచారమ్మ
పడలేదు.

మూడు చావులకీ వెళ్లాను.
మూడు చోట్లా నాకు కుర్చీ వేశారు. అదే భరించలేకపోయాను.

సమాధుల తోటలో పాస్టరుగారు మైకు సర్దుకుని
"ప్రభువు తన తోటకి పువ్వు కోసుకున్నాడు" అన్నారు.
పెట్టె మూసేముందు నేను చూసింది సువార్తమ్మ గోళ్లు.
వాటిలో తలుపు చెక్క ఇంకా ఉంది.

లాలాపేట సందులో చాప మీద కూచుని జైనాబీ అన్న
నా భుజం మీద చెయ్యి వేశాడు.
"రాసిపెట్టిన రోజు బాబూ,
ఒక్క గడియ ముందుకీ వెనక్కీ జరగదు."
ఆయన చెప్పింది కాలం సంగతి.
నాకు ఇనుము చప్పుడు వినపడింది.

నాంచారమ్మ పెద్దకర్మ నాడు
విస్తరి ముందు వాళ్ల మేనమామ నిట్టూర్చాడు,
"ఏ జన్మలో ఎవర్ని మూసిపెట్టిందో!"
కోడిపిల్లల మీద గంప బోర్లించినా
గాలికని కింద రాయి పెట్టే మనిషి ఆమె.
అన్నం కలుపుతూ అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

షావుకారు మూడు ఇళ్లకీ కవర్లు పంపి కొండకి వెళ్లొచ్చాడు.
గుండు మీద గంధం, చేతిలో లడ్డూ.
"దైవేచ్ఛరా, మనమెంత?" అని నాకూ ఓ ముక్క పెట్టాడు.
దేవుడు మంచివాడు.
ఎవరే నేరం తోసినా మోస్తాడు,
కోర్టుకి మాత్రం రాడు.

నేను నమ్మనివాణ్ణని అనుకోకండి.
మా అమ్మ నాకు యేసుపాదం అని పేరు పెట్టుకుంది.
పాస్టరుగారు ఇంటికొచ్చి "ఏడ్చావు చాలు, క్షమాపణ దొరికింది" అంటే
"ఎవరిచ్చారయ్యా?" అన్నాను.
"నేనింకా మల్లీశ్వరిని అడగలేదే."
పోలీసులు తాళంకప్ప పట్టుకెళ్లారు గానీ చెవి అడగలేదు.
మోకరిస్తే అది తొడకి గుచ్చుకుంటుంది.

మల్లీశ్వరి నాంచారమ్మ కూతురు.
పెద్దాసుపత్రి గేటు దగ్గర తనే నన్ను ఆపింది.
విధి గురించీ దేవుడి గురించీ ఎత్తలేదు.
"పొగ మొదలయినాక నువ్వు తీసేదాకా ఎంతసేపు?"
"ఏడు నిమిషాలు."
వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. ఏమిటో చెప్పలేదు.
"రేపట్నుంచి నల్లపాడు రోడ్డులో పనికి పోతన్నా"
అని మాత్రం చెప్పి ఆటో ఎక్కింది.

ఇప్పుడు ఎండ చల్లబడే వేళకి అటు నడుస్తాను.
ఒక్కో గోడౌన్ తలుపూ చూస్తాను,
గడియ ఏ పక్కన ఉందో.
వాచ్‌మెన్లు పిచ్చోడంటారు. ఒకడు కుక్కని వదిలాడు.

నిన్న ఒక తలుపు బయటినుంచి బిగించి ఉంది.
లోపల ఎవరో ఏదో అన్నారు,
అందరూ పడీపడీ నవ్వుతున్నారు.
ఏ ప్రార్థనా గుర్తు రాలేదు.
గడియ తీసి, నడిచాను.
"ఎవడ్రా నువ్వు?" అని వెనక కేక.
చెబుదామనే ఆగాను.
ఘాటుకి దగ్గు పట్టుకుంది.