మైనస్ పద్నాలుగు

మూడు రోజులుగా తెర మీద అదే మాట:
లో బ్యాటరీ.
కరెంటు కాదు, కీబోర్డు కడుపులోని బిళ్ళ.
రూపాయంత ఉంటాది.
నూట ఇరవై ఎనిమిది గొంతులు
దాని మీదే బతుకుతాండాయి.

బిళ్ళ లాగితే చాలు,
అన్నీ మరిచి పుట్టినరోజుకు పోతాది పెట్టె.
పోతే పోనీ.
పదిహేడో నంబరు మాత్రం పోగూడదు.

పదిహేడు ఫక్కీరప్ప క్లారినెట్టు.
ముందరి పండ్లు రెండూ ఊడినాక
రీడు మీద పెదవి నిలవక
పెట్టెలో పెట్టి తాళమేసినాడు.
మూడు రాత్రులు నా పక్కన కూచొని
"ఇంకొంచెం బొంగురు... అంత వద్దు,
ఇప్పుడు జలుబు చేసినట్లుంది" అంటా
తన ఊపిరిని నా చేత తిప్పించినాడు.
చివరికి బాగుందనీ అనలేదు.
బీడీ ముట్టించినాడు, అంతే.
నేను సేవ్ నొక్కినా.

గుంతకల్లు, రైల్వే క్వార్టర్సు వెనక రేకుల గది.
లోకోషెడ్డు ఫిట్టరు కూతురు మాబున్ని
ల్యాప్‌టాప్ తెచ్చింది, రెండు మిడి తీగలు తెచ్చింది.
"పాట రికార్డు చేసినట్లే మామా,
ఎర్ర గుండీ నేను నొక్కుతా, డంప్ నువ్వు నొక్కు."

మెట్ల మీద ఒక్క వేలు పెట్టలేదు.
తెర మీద గీత మాత్రం జరుగుతాంది.
ఇరవై ఏండ్ల పెండ్లిండ్లు, పీర్ల చావిళ్ళు,
వాన పడి ఆగిపోయిన రికార్డింగ్ డ్యాన్సులు
ఒక ట్రాకులో చిన్న గడి అయి కూచున్నాయి.

బిళ్ళ మార్చినాము. ముప్పై రూపాయలు.
పియానో ఒకటి, పియానో రెండు, పియానో మూడు...
అన్నీ కంపెనీ పేర్లు, ఎవరివో ఇంటి పిల్లోళ్ళు.
మెమరీ తాళం తీసి ప్లే నొక్కింది మాబున్ని.
పెట్టె ఉక్కిరిబిక్కిరయింది. బఫర్ నిండిందంట.
"నూట ఇరవైలో మింగలేకపోతాంది,
నలభైకి దించుతా మామా."
వినపడని పాటకు గూడా నడక ఉంటాదని
నాకు ఆ పొద్దు తెలిసింది.
రాగి సంగటి ముద్ద ముద్దగా పెట్టినట్లు
నిదానంగా తినిపించినాము.

పదిహేడు వచ్చింది.
ఫక్కీరప్ప వాకిట్లోనే నిలబడి విన్నాడు.
"ఎవురో నా పంచె కట్టుకొని
నిలబడినట్లుంది కదప్పా."

అంకెలన్నీ అవే. మాబున్ని రెండు తూర్లు చూసింది.
వెతకంగా వెతకంగా దొరికింది:
గొంతులు ఒక అరలో, మొత్తం పెట్టె శ్రుతి వేరే అరలో.
ఆ అరను మేము అడగనే లేదు.
ఆయన క్లారినెట్టు నడుమ కీలు ఉబ్బి
పూర్తిగా దిగేది కాదు, శ్రుతి రవ్వంత దిగువ.
దాని కోసం ఎన్నడో ఆర్కెస్ట్రా మొత్తాన్ని
దించుకొని, దించిన సంగతే మరిచినాము.
ఎంత దించినామో ఎవురికి గుర్తు?

గడప మీద కూచొని కండ్లు మూసి
"స" పట్టినాడు ఫక్కీరప్ప.
పండ్ల సందులోంచి కొంచెం గాలి తోడొచ్చింది.
నేను ఒక్కో అంకె దించుకుంటా పోయినా.
తొమ్మిది. పదకొండు.
గూడ్సు బండి పోయేదాకా ఆగినాము.
మళ్ళా "స".
పద్నాలుగు కాడ
రెండు గొంతుల నడుమ కొట్టుకుంటాండే అల
నిలిచిపోయింది.

"ఈ తూరి అన్ని అరలూ అడుగు" అన్నా.
ఎర్ర గుండీ. మళ్ళా అదే చప్పుడు లేని పాట,
ఇంకొంచెం పొడుగ్గా.

ఆయనకు మాత్రం నమ్మకం కుదరలేదు.
నా జేబులో బాల్ పెన్ను లాక్కొని
కీబోర్డు బోర్లించి కడుపు మీద రాసినాడు: 14.
"కరెంటు పోయినా ఉంటాది" అన్నాడు.

ముందర గీత పెట్టేది మరిచినాడు.
ఆయన మలుపు తిరిగినాక
నేను పెట్టినా.