ముత్రా, తిరగేసి

ముత్రా సూక్‌లో మూడో సందు.
హిలాల్ దుకాణం వెనకగదిలో
రాగిరేకు మీద ఊరిని చెక్కుతాను.

కాగితం మీద కోట ఎడమన పడాలంటే
రేకు మీద కుడిన గీయాలి.
కుడి నుంచి వచ్చే వాళ్ల అక్షరాలు
నా ఉలి కింద
మన తెలుగులా ఎడమ నుంచి నడుస్తాయి.

సముద్రం మీంచి చూసినట్టే ఉండాలంటాడు హిలాల్,
పాత ఓడలవాళ్లకు కనబడినట్టు:
తెల్లమిద్దెలు, బురుజు, వెనక కొండల పళ్లవరుస.
క్రేన్లొద్దు. ఏసీ డబ్బాలొద్దు.
నేనేమో విమానంలో దిగినవాణ్ణి.
ఇక్కడ పడవెక్కింది ఒక్కసారే,
అదీ కళ్లు మూసుకుని, కడుపు పట్టుకుని.

రేకు అలిగితే బతిమాలు, బెదిరించకు
అనేవాడు పెంబర్తిలో మా చిన్నాయన.
మొన్న దుకాణం మూసేముందు
కోటకొండ వెనక, మా గది ఉండే చోట,
నువ్వుగింజంత గాటు పెట్టాను.
పదకొండుమందిమి, ఒక్క కిటికీ.
తిరగేయడం మరిచాను.

అచ్చు లేపి చూస్తే
గది వెళ్లి నీళ్ల నడుమ కూచుంది.

హిలాల్ కళ్లద్దాలు నుదుటికి తోసి
"పడవ భలే కుదిరింది" అన్నాడు,
ధర అర రియాలు పెంచాడు.

నేనేం మాట్లాడలేదు.
కాగితాన్ని దీపానికి దగ్గరగా పట్టుకున్నాను:
లోపల పదకొండుమందిమి.
తెడ్డు చెక్కలేదు.