పాత డైరీలో కందిపప్పు

పోర్టులో ఎవరో పారేయబోతే
మా ఆయన తెచ్చిన డైరీ, నాలుగేళ్ళ కిందటిది.
తేదీలు నాకెందుకు,
గీతలున్నాయి చాలు అన్నాను.

మొదటి పేజీ కందిపప్పుది.
కంచరపాలెం రైతుబజారులో ఇంత,
పూర్ణా మార్కెట్లో ఇంత,
వీధి చివర కోటిలింగం కొట్లో ఇంత.
ఈ మూడింటి మధ్య తేడాలో
ఒక పూట కూర వండొచ్చు.

ఆదివారం పేపరొస్తే
వార్తలు ఆయనకి, కత్తెర నాకు.
ఒకవైపు మంత్రిగారి ప్రసంగం,
వెనకవైపు సబ్బుపొడి మీద ముప్పై తగ్గింపు.
ఆయన చేతికి అందేసరికి
ప్రసంగం నడుం దగ్గర చదరంగా ఒక కన్నం.

"పదకొండు రూపాయలకి
ఎన్.ఏ.డి. దాకా పోతావేటి వొదినా"
నూకరత్నం నవ్వుతుంది.
పోయేటప్పుడు నడక,
వచ్చేటప్పుడు సంచి బరువుని బట్టి బస్సు.
ఆ టిక్కెట్టూ రాస్తాను, ఎర్ర సిరాతో.
ఎవర్ని మోసం చేసినా
కందిపప్పు పేజీని మోసం చెయ్యకూడదు.

ఊరి పక్కన సముద్రం ఉన్నట్టే
ధరలకీ ఆటుపోట్లున్నాయి.
కార్తీకంలో గుడ్డు దిగుతుంది, పోలి స్వర్గానికి పోగానే ఎక్కుతుంది.
నెల మొదటివారం నూనె బిగుసుకుని కూర్చుంటుంది,
ఇరవై దాటితే కాస్త మాట వింటుంది.
రేవులో మూడో నంబరు జెండా ఎత్తేలోపే
ఉల్లిపాయకి కబురందిపోతుంది.

అన్నిటికన్నా గడుసుది బిస్కెట్టు.
ఎప్పుడు చూసినా పది రూపాయలే!
ధర పక్కన బరువు కూడా రాయడం మొదలెట్టాక
దొరికిపోయింది.
డెబ్బై అయిదు, అరవై ఎనిమిది, అరవై...
ధర ధరలాగే ఉంది, బిస్కెట్టు చిక్కిపోయింది.
మా ఢిల్లీశ్వరికి ఈ లెక్కలేవీ తెలియవు,
"టీలో ముంచితే వేళ్ళు కాల్తన్నాయమ్మా" అంది.

మొన్న కోటిలింగం గుమ్మంలో నిలబడ్డాడు.
"ఆ పుస్తకం ఒకపాలి ఇవ్వమ్మా,
పోయినేడూ ఇదే రేటని ఏజెంటు దబాయిస్తన్నాడు."
ఇరవయ్యేళ్ళ కొట్టుకి లేని సాక్ష్యం
నా వంటింటి మేకుకి వేలాడుతోంది.
సాయంత్రం తిరిగొచ్చింది,
పేజీల అంచుకి పసుపు అంటుకుని,
కూడా పావుకిలో చింతపండు పొట్లం.
దాని ధర దగ్గర సున్నా వేశాను.
కొట్టేశాను.
కోటిలింగం అని రాశాను.

పెద్ద దుకాణంలో కుర్రాడు మాత్రం
యాప్ వేసుకోండి ఆంటీ, పాయింట్లొస్తాయి అన్నాడు.
అది నా ఫోను నంబరు అడిగింది,
ఇంట్లో ఎంతమందో అడిగింది,
పుట్టినరోజు ఎప్పుడంది.
యాభై రూపాయలకి ఇన్ని సంగతులా?
తూకం నచ్చలేదు నాకు.
బడిలో పంతులుగారు వేసింది జూన్ ఒకటి,
అమ్మనడిగితే "తాండ్ర ఆరేసిన రోజుల్లోనే."
సంచిలో గ్యాసు బిల్లుంటే
దాని మీది తేదీ చెప్పేశాను.
నవంబరు పద్దెనిమిది.

అప్పట్నించీ ఏటా ఆ పొద్దున్న ఫోను మోగుతుంది.
ప్రియమైన పైడితల్లి గారూ,
మీకోసం నెయ్యి మీద పాతిక శాతం.
ఇంతవరకూ నన్ను ప్రియమైన అన్నవాళ్ళు లేరు,
నెయ్యి తెచ్చి మినుములు వేయిస్తాను.
ఆ వాసనకి
మా ఆయన పేపరు మడుస్తాడు,
ఢిల్లీశ్వరి లెక్కల పుస్తకం మూస్తుంది,
నూకరత్నం ఏదో అప్పడగాలని గుర్తొచ్చి వస్తుంది.

తేదీలు నాకెందుకన్న డైరీలో
ఆ ఒక్క తేదీ వెతికి మరీ రాస్తాను.
నెయ్యి అరకిలో, ధర, తగ్గింపు.
సున్నుండలు ఇరవై మూడు,
నూకరత్నం
లెక్కకి ముందే నోట్లో వేసుకున్నవి కాక.