పన్నెండో మాట

ఇంద్రెక్ టాలిన్ నుంచి తెల్ల బూట్లతో వచ్చాడు.
నా వంటింటి బల్ల మీద
పన్నెండు బర్చ్ చెక్కబిళ్లలు పరిచాడు,
ఒక్కోదాని మీద ఒక్కో మాట.
నిచ్చెన. ఉప్పు. పొగ. గొడ్డలిపిడి.
చివరిది, మేనత్త.
ఇంతేనా, అన్నాను.
వరుస తప్పకుండా పన్నెండూ చెప్పినవాళ్లకి
పెట్టె తెరుచుకుంటుందన్నాడు.
ఏదీ పెట్టె?
ఎక్కడా లేదన్నాడు, నవ్వకుండా.

ముప్పై ఏళ్లుగా కుర్గసూ చిత్తడిలో
చెక్కబాట మీద జనాన్ని నడిపిస్తున్నదాన్ని.
ఎక్కడ నేల మోస్తుందో
ఎక్కడ మోసం చేస్తుందో
నా పాదాలకి తెలుసు.
అందుకే దాచే పని నాకిచ్చారు.
కూలి మాత్రం నోట్లలోనే కావాలన్నాను.

నిచ్చెనని కావలి మంచె నాలుగో మెట్టు కింద కట్టాను.
ఉప్పుని క్రాన్‌బెర్రీ తీగల్లో,
పొగని కూలిపోయిన బట్టీ ఇటుకల మధ్య.
మేనత్తని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.
రెండు రోజులు కోటు జేబులో తిప్పాను,
తాళంచెవుల పక్కన, దగ్గుబిళ్లల పక్కన.

మా మేనత్త లెయిదా
యుద్ధం అయిపోయాక రెండో చలికాలం
ఈ చిత్తడి నడుమ పైన్ దిబ్బ మీద
నేల తొలిచి ఒక మనిషిని దాచింది.
ఎవరని మూడు రాత్రులు అడిగారట.
ఆమె తన పేరు తప్ప
ఇంకో మాట చెప్పలేదు.
మూడో రోజు ఆ బిళ్లని
ఆ గుంత అంచున, నాచు కింద పెట్టి
వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను.

ఆట మొదలైంది.
కొట్లో మైము పొద్దున్నే వాతావరణంతో పాటు
పెట్టె ధర కూడా చదివేది:
మంగళవారం అది కొత్త పడవ.
గురువారానికి ఇంజను ఊడింది.
ఆదివారానికి తెడ్లు మిగిలాయి.

నార్వా నుంచి గెన్నడీ
లోహం పసిగట్టే యంత్రం భుజాన వేసుకొచ్చాడు.
ఒక బెల్టు బకిల్, వంగిన చెంచా, ఆవుమెడ గంట దొరికాయి.
మాటల్లో ఇనుము ఉండదు గెన్నడీ, అన్నాను.
చెంచా కడిగి జేబులో వేసుకున్నాడు.
కాలేజీ పిల్లలు అరచేతిలో అంజనం చూస్తున్నట్టు
ఫోన్లు చూస్తూ నడిచి
మోకాళ్ల దాకా దిగబడ్డారు.
తాడేసి లాగాను, ఇద్దరిని ఒకేరోజు.
కొంగలు ఆ వారం వేరే చోట మేశాయి.

గెలిచింది రూబెన్, బేకరీ వాళ్ల అబ్బాయి,
పద్నాలుగేళ్లు.
పదకొండు మాటలు కాళ్లతో వెతికాడు.
పన్నెండోదాన్ని వాళ్లన్న కంప్యూటరు ఊహించింది,
ఈసారి టీ చల్లారేలోపు.
ఇంద్రెక్ ఫోన్లో అభినందనలు చెప్పాడట.
అప్పటికి పెట్టెలో ఉన్నది
ఒక జత రబ్బరు బూట్ల డబ్బు.
చిత్తడి వాడి ఎడమ బూటు
ముందే మింగేసింది గనక
లెక్క సరిపోయిందని మైము నవ్వింది.

పెట్టె ఖాళీ అయ్యాక
మాటలు మళ్లీ మామూలు మాటలయ్యాయి.
నేను వెళ్లి మంచె కింద నిచ్చెన విప్పాను,
ఉప్పు తీసుకున్నాను, గొడ్డలిపిడి తీసుకున్నాను,
పొయ్యిలో వేస్తే బర్చ్ బాగా మండింది.
పైన్ దిబ్బ వైపు మాత్రం వెళ్లలేదు.
ఊహకి అందిన మాటే అది.
చోటు ఎవరికీ అందలేదు.
ఎందుకో గర్వపడ్డాను,
కొంచెం సిగ్గు కూడా పడ్డాను,
ఆమె గుంతని ఆటకి అప్పిచ్చినందుకు.

అక్టోబరులో ఒక సాయంత్రం తలుపు చప్పుడు.
రూబెన్, కొత్త బూట్లు, తడిసిన జుట్టు.
మేనత్త ఎక్కడుంది, అన్నాడు.
ఆట అయిపోయింది కదరా.
తెలుసు.
అక్కడ డబ్బేం లేదు.
అదీ తెలుసు, అని
గుమ్మంలో బూట్లకి అంటిన బురదనే చూస్తూ నిలబడ్డాడు.

వర్షం సన్నగా ఉంది.
చీకటి పడడానికి ఇంకో గంట.
పొయ్యి మూత వేసి, చేతికర్ర తీసి,
నా అడుగుల్లోనే అడుగు వెయ్యి, అన్నాను.