జంట గీత

మెదెబెర్‌లో పొద్దు పొడవకముందే సుత్తుల మోత.
నూనె డ్రమ్ముల్ని పొయ్యిలుగా మార్చేవాళ్ళ వెనక సందులో
మా షెడ్డు.
అస్మరా చలికి స్పానర్లు చెయ్యి కొరుకుతాయి.
అబ్బోయ్ హబ్తెజ్గి వాటిని కాఫీ కుంపటి పక్కన పేర్చి
కాస్త కాక చూపించి అందుకుంటాడు.

దిమ్మ మీద ఆకుపచ్చ జూలియా కారు ఇంజిను.
మంత్రసాని ఆబ్రెహెత్‌ది.
పిస్టన్లు ఎక్కాయి, హెడ్డు బిగించాం,
రెండు క్యామ్‌షాఫ్టులు తమ తమ పడకల్లో పడుకున్నాయి.
ఒకటి ఊపిరి పీల్పిస్తుంది, ఒకటి వదిలిస్తుంది.
రెంటికీ ఒకటే గొలుసు.

"తొందరపడకు లెటే" అన్నాడు.
"కింద రెండు చుట్లు తిరిగితే పైన ఒక చుట్టు.
ఆ లెక్క తప్పితే
వాల్వూ పిస్టనూ ఒకే చోటికి ఒకేసారి వస్తాయి.
ఇరుకు గుమ్మంలో ఇద్దరిలా కాదు,
అక్కడ దారి ఇచ్చే మర్యాద ఉండదు."

ఒకటో సిలిండరు ప్లగ్గు రంధ్రంలో పెన్సిలు దించాను.
క్రాంకు తిప్పుతుంటే పెన్సిలు లేచింది, లేచింది,
ఆగింది.
దిగబోయే ముందు అది ఏమీ చెయ్యని ఒక క్షణం ఉంటుంది.
అక్కడ పట్టుకోవాలి.
పుల్లీ మీద పి అక్షరం ముల్లుకి ఎదురొచ్చింది.
పైన ఒకటో సిలిండరు క్యాములు రెండూ
అలిగిన తోడికోడళ్ళలా
చెరో వైపు మొహం తిప్పుకున్నాయి.

అంతా బాగానే ఉంది,
ఇన్‌టేక్ వైపు గుర్తులు రెండున్నాయి.
ఒకటి ఫ్యాక్టరీ వాళ్ళు చెక్కింది.
దానికి వెంట్రుకవాసి ఎడంగా
ఎవరో గీసింది.

"ఏది నమ్మను?"

ఆయనకి చూపు మసకబారి నాలుగేళ్ళు.
బొటనవేలి గోరుతో తడిమాడు.
ఒకసారి. మళ్ళీ ఒకసారి.
గోరు ఒక గీతలో దిగి, లేచి,
దాని పక్కనే సన్నగా ఇంకోదాంట్లో దిగింది.
"కొస విరిగిన ఆకురాయి" అన్నాడు.
"ఇలా జంటగా గీస్తుంది.
అది నా దగ్గరే ఉండేది."

కుంపట్లో బొగ్గు చిటపటమంది.
బయట ఎవరో రేకు వంచుతున్నారు.

"కరెంటు లేని ఏడాది అది. కిరోసిన్ దీపం ఎడమ పక్కన పెట్టి
నేనూ పక్కనుంచే చూశాను.
ఎదురుగా నిలబడి చూడాల్సింది."

ముప్పై మూడేళ్ళు ఆ కారు ఊపిరి పీల్చడానికి
రవ్వంత ఆలస్యం చేసింది.
నెఫాసిత్ నుంచి ఎక్కేటప్పుడు ఆయాసపడితే
ఎత్తు మీద గాలి పల్చన అన్నారు, పెట్రోలు కల్తీ అన్నారు,
ఆబ్రెహెత్ అయితే తన ఒళ్ళునే తిట్టుకుంది.
ఒకసారి ఆమె చేరేసరికి బిడ్డ పుట్టేసి
తల్లి పక్కన కళ్ళు తెరుచుకుని పడుకుందట.
ఆ బిడ్డ ఇప్పుడు ఎర్ర బస్సులో కండక్టరు,
అతని దగ్గర టిక్కెట్టు కొంటే చిల్లర సరిగ్గా ఇవ్వడు.
ఈ కథ ఆమె నవ్వుతూ చెప్పేది.
అబ్బోయ్ కూడా నవ్వేవాడు.

ఇప్పుడు నవ్వలేదు.
"పళ్ళచక్రం బోల్టు తియ్యి.
రెండు రంధ్రాలు ముందుకి."

తీశాను. క్యాముని వేలితో నడిపినట్టు నడిపాను.
రంధ్రంలో రంధ్రం కలిసి అవతలి వెలుతురు కనిపించాక
బోల్టు దూర్చాను.
గొలుసు బిర్రు చూసి,
చేత్తోనే క్రాంకుని రెండు నిండు చుట్లు తిప్పాను.
ఎక్కడా తగల్లేదు.
పెన్సిలు ఆగినచోట
ఫ్యాక్టరీ గీతలు రెండూ వాటి జతల్ని చేరుకున్నాయి.

జంట గీతని రుద్దెయ్యనా అని ఆకురాయి పట్టుకున్నాను.
"ఉంచు.
రేపు విప్పేవాడికి, ఇక్కడ ఒకడు తప్పాడని తెలియాలి."
కాసేపాగి,
"కానీ దాని మీద అడ్డంగా ఒకటి కొట్టు. లోతుగా."

కొట్టాను.
ఎదురుగా నిలబడి.

శనివారం ఆబ్రెహెత్ వచ్చి బిల్లు చూసింది.
గొలుసు, గ్యాస్కెట్లు, నూనె.
కూలీ అన్నచోట ఖాళీ.
కాగితం తిప్పి వెనక కూడా చూసింది.
అబ్బోయ్ కుంపటి ఊదుతున్నాడు,
అందులో నిప్పు బాగానే ఉంది.